అంకెలన్నియు పరిమాణములు కావు

మన దేశమున తపాలా పిన్ కోడు పద్ధతి 1972 ఆగస్టు 15వ తేదీన అమలులోనికి వచ్చినది. హైదరాబాదు పెద్ద తపాలా కార్యాలయమునకు 500001, విశాఖపట్టణమునకు 530001 అను సంఖ్యలు గలవు. ఈ రెంటిని కూడి రెండుచే భాగించినచో 515001 వచ్చును. అది అనంతపురము పిన్ కోడు! హైదరాబాదునకును విశాఖకును సగటు అనంతపురమని బాలుడొకడు చెప్పినచో మనము నవ్వుదుము. కాని వాని కూడికలో తప్పులేదు, భాగహారములోను తప్పులేదు. కూడదగని వానిని కూడుటయే తప్పు.

సాంఖ్యకశాస్త్రమును బోధించునపుడు చరరాశులను గుణాత్మకములనియు, పరిమాణాత్మకములనియు రెండు తెగలుగా విభజించి చెప్పుదురు. మాతృభాష, వృత్తి, రక్తపు గ్రూపు మొదలైనవి గుణాత్మకములు. ఎత్తు, బరువు, తోబుట్టువుల సంఖ్య మొదలైనవి పరిమాణాత్మకములు. విద్యార్థి ఈ పట్టికను వల్లించి, పరీక్షలో వ్రాసి, మరచిపోవును. వాని మనస్సున మిగులునది యొక్కటే సూత్రము: మాటలలో చెప్పునది గుణము, అంకెలలో చెప్పునది పరిమాణము. ఈ సూత్రము సులభమైనదే కాని సత్యమైనది కాదు. పిన్ కోడు, బస్సు నంబరు, హాజరుపట్టీలోని క్రమసంఖ్య — ఇవన్నియు అంకెల వేషము ధరించిన పేర్లు. వానికి మారుగా అక్షరములు వాడినను వాని పని చెడదు. ఎత్తునకు అట్లు చేయుటకు వీలులేదు.

ఈ భేదమును మన భాష యెరుగకపోలేదు. ‘మూడు’ వేరు, ‘మూడవ’ వేరు. మూడు పండ్లకు రెండు పండ్లు చేర్చినచో ఐదు పండ్లగును. మూడవ పండునకు రెండవ పండును చేర్చినచో ఐదవ పండు కాదు. మొదటిది లెక్క, రెండవది వరుస. చిన్న ప్రత్యయమొక్కటి చేరినంతనే సంఖ్య స్వభావమే మారిపోవుచున్నది.

1946లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఎస్. ఎస్. స్టీవెన్స్ ‘సైన్స్’ పత్రికలో కొలతలను నాలుగు మెట్లుగా విభజించెను. కేవలము పేరుగా నుండునవి మొదటి మెట్టు. వరుసను మాత్రము తెలుపునవి రెండవది. భేదములు సమానముగా నున్నను సహజమైన సున్న లేనివి మూడవది. నిజమైన సున్న గలవి నాలుగవది. నలుబది కిలోల బియ్యము ఇరువది కిలోలకు రెట్టింపు. కాని నలుబది డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఇరువది డిగ్రీల వేడికి రెట్టింపు కాదు. ఏలయన, ఆ కొలతలో సున్న నీరు గడ్డకట్టు స్థానమే గాని వేడి లేని స్థానము కాదు. ఈ విభజనపై పండితులలో వాదములు లేకపోలేదు. అయినను బోధకునకు ఇది మంచి చేదీపము.

ఇదంతయు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు సంబంధించిన విషయమే యైనచో ఇంత చెప్పవలసిన పనిలేదు. మన పాఠశాలలలో పిల్లలనే ఈ అంకెలతో తూచుచున్నాము. ఒక తరగతిలో మొదటి పదిమందికి 95 మొదలు 86 వరకు ఒక్కొక్క మార్కు తేడాతో వచ్చినవనుకొందము. మరియొక తరగతిలో మొదటివానికి 95, రెండవవానికి 60 వచ్చినవనుకొందము. 86 మార్కుల బాలిక ‘పదవ’దై యింట మాటలు పడును. 60 మార్కుల బాలుడు ‘రెండవ’వాడై బహుమానము పొందును. స్థానము వరుసను చెప్పినది గాని దూరమును చెప్పలేదు. దానిని దూరముగా చదివినవారము మనము. మార్కుల విషయమున సైతము జాగ్రత్త యవసరము. తెలుగులో సున్న వచ్చిన పిల్లవానికి తెలుగు బొత్తిగా రాదని యర్థము కాదు. కావున 80 మార్కులు వచ్చినవాని జ్ఞానము 40 వచ్చినవానికి రెట్టింపని చెప్పుటకు వీలులేదు.

పాఠ్యక్రమము ముగియుటకే సమయము చాలదు, ఈ సూక్ష్మములకు తీరిక యెక్కడిదని ఉపాధ్యాయులు అడుగవచ్చును. ఒక్క పీరియడు చాలును. తరగతిలోని పిల్లలచేతనే తమ క్రమసంఖ్య, మాతృభాష, పరీక్షలో స్థానము, ఎత్తు, బడికి గల దూరము వ్రాయింపవలెను. ప్రతిదానిని గూర్చియు మూడు ప్రశ్నలు వేయవలెను: దీనిని వరుసలో పెట్టవచ్చునా? రెంటి నడుమ తేడాకు అర్థమున్నదా? సున్న యనగా ఏమియు లేకపోవుటయేనా? పదవ తరగతిలో నేర్పు బాహుళకము, మధ్యగతము, సగటు అపుడు సార్థకములగును. మాతృభాషకు బాహుళకము తప్ప వేరు గతిలేదు. వరుసకు మధ్యగతము తగును. ఎత్తునకు, దూరమునకు సగటు చెల్లును. ఏ సూత్రము ఎచ్చట వాడవలెనో పిల్లలు అడుగకయే గ్రహింతురు.

గణితము నేర్చినవానికి కూడుట వచ్చును. ఏది కూడదగినదో, ఏది కూడరానిదో తెలిసినవాడే సాంఖ్యకశాస్త్రము నేర్చినవాడు. రానున్న పరీక్షా ఫలితముల దినమున పిల్లలకు వారి స్థానములను చదివి వినిపించుటకు ముందు ఉపాధ్యాయులు ఈ మాటను ఒక్కసారి తలచుకొందురు గాక!