వయొలిన్ బృందంలో చేరే పిల్లకాయల్ని ఏమి అడగాలి?



పోయిన సోమవారం ప్రేయరు అయినాక మ్యూజిక్ రూము తలుపు మీద ఒక నోటీసు అంటించినారు. వయొలిన్ బృందం రెండో బ్యాచికి 6, 7 తరగతుల నుంచి పన్నెండు మందిని తీసుకుంటారంట. అందులో నాలుగు షరతులు ఉన్నాయి. ఏ సబ్జెక్టులోనూ 60 మార్కులకు తగ్గకూడదు. రోజూ సాయంత్రం అరగంట సాధన చెయ్యాలి. వాయిద్యం పాడైతే ఖర్చు తల్లిదండ్రులు కట్టాలి. వరసగా పది రోజులు రాకపోతే పేరు తీసేస్తారు. నేను మొదటి బ్యాచిలో వాయిస్తా ఉన్నాను కాబట్టి దీని మీద రాయమని గోడపత్రిక ఎడిటరు అన్న అడిగినాడు. నా అభిప్రాయం ఏందంటే, ఈ నాలుగింటిలో రెండోది ఒకటే సరైనది. మిగతా మూడు మార్చాలి. సార్‌లు కోపం చేసుకోకుండా చివరిదాకా చదవాలని మనవి.

ముందు ఆర్కెస్ట్రా అంటే ఏమిటో చెప్పుకోవాలి. ఇంట్లో చెబితే మా తాత, "ఏందిరా, తిరనాళ్లలో పాడే ఆర్కెస్ట్రానా? డాన్సు కూడా ఉంటదా?" అన్నాడు. మన వైపు స్టేజీ కట్టి, కీబోర్డు పెట్టి సినిమా పాటలు పాడేదానికి ఆ పేరు పడిపోయింది. అది తప్పని నేను అనడం లేదు, నాకూ ఇష్టమే. మన బృందం మాత్రం వేరు. ఇందులో అన్నీ తీగ వాయిద్యాలే, పాడేవాళ్లు ఉండరు. మన సినిమా పాటలు చాలావాటిలో వెనక అలలాగా లేచి పడే శబ్దం ఉంటది చూడండి, అది మద్రాసు స్టూడియోల్లో ఎంతోమంది వయొలిన్ వాళ్లు ఒక్కసారిగా వాయించినది. 1952లో ఢిల్లీలో ఆకాశవాణి వాళ్లు మన దేశపు వాయిద్యాలతో ఒక వాద్యబృందం పెట్టినారు. మొదట పండిట్ రవిశంకర్ నడిపినారు, తర్వాతి కాలంలో మన తెలుగు వైణికులు ఈమని శంకరశాస్త్రి గారు కూడా దానికి సంగీతం కూర్చినారు.

ఒక్కరే కూర్చుని కచ్చేరీ చేస్తే ఆ మనిషికి నచ్చినట్టు వాయించుకోవచ్చు. బృందంలో అట్లా కుదరదు. పన్నెండు కమానులు ఒకేసారి పైకి పోవాలి, ఒకేసారి కిందికి రావాలి. మైపాడు పక్కన అలివి వల లాగేది మీలో చాలామంది చూసే ఉంటారు. రెండు పక్కలా తాడు పట్టుకుని లాగుతారు. ఒక పక్క వాళ్లు బలం ఉంది కదా అని గబగబా లాగేస్తే వల మెలి తిరిగి చేప పోతది. మా బ్యాచిలో కూడా బాగా వచ్చినవాడు తొందరపడితేనే ఎక్కువ చెడింది, రానివాడి వల్ల అంత చెడలేదు. రానివాడు మెల్లగా వాయిస్తాడు, వాడి శబ్దం మిగతావాళ్ల శబ్దంలో కలిసిపోతది. తొందరపడినవాడి శబ్దం మాత్రం ఒంటరిగా పైకి వినబడతది.

ఇప్పుడు మార్కుల సంగతి. వయొలిన్‌కి కావలసింది చెవి, ఓపిక, కుదురుగా కూర్చోవడం. లెక్కల్లో 60 వచ్చిన వాడికి ఇవి ఉంటాయని ఎవరు చెప్పగలరు? ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరు మన సంగీతం మాస్టారు క్లాసులో చాలాసార్లు చెప్పినారు. 1893లో పుట్టినారు. కంటిచూపు మందం. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆయన విద్యార్థిగా చేరదామని పోతే, వాయించింది విని అధ్యాపకుడిగానే తీసుకున్నారని చెబుతారు. 1936లో ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయినారు. పాటకు పక్కన కూర్చునే ఫిడేలుని ఒంటరిగా కచ్చేరీకి తెచ్చి 1938లో వేలూరులో వాయించినారు. ఆయన్ని ఎవరైనా మార్కుల కాగితం అడిగి ఉంటే ఏమయ్యేది?

జపాన్‌లో షినిచి సుజుకి అని ఒక వయొలిన్ మాస్టారు ఉండేవారు, 1998లో పోయినారు. ఏ పిల్లకాయ అయినా తల్లిభాష నేర్చుకున్నట్టే సంగీతం నేర్చుకోగలడని ఆయన నమ్మకం. చిన్నపిల్లలకి మొదట నిజం వయొలిన్ ఇవ్వకుండా అట్టపెట్టెతో చేసినది ఇచ్చి పట్టుకోవడం నేర్పించేవారంట. పరీక్ష పెట్టి తెలివైనవాళ్లని ఏరుకోవడం ఆయన పద్ధతి కాదు. మన దేశంలోనే డార్జిలింగ్ కొండల దగ్గర కాలింపాంగ్‌లో ఫాదర్ ఎడ్వర్డ్ మెక్‌గ్వైర్ అనే ఆయన 1993లో గాంధీ ఆశ్రమం స్కూలు మొదలుపెట్టినారు. కూలి పనులు చేసుకునే వాళ్ల పిల్లలు అక్కడ చదువుతో పాటు వయొలిన్ నేర్చుకుంటారు. వాళ్లూ మనలాంటి పిల్లకాయలే కదా.

వయొలిన్ మనది కాదు, మనకెందుకు అనేవాళ్లు మన హాస్టల్లోనే ఉన్నారు. వాళ్లకి రెండు మాటలు. ఇది పడమటి దేశాల నుంచి వచ్చిన వాయిద్యమే. దీన్ని మద్రాసులో తెల్లోళ్ల బ్యాండు నుంచి నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చినది ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్. వాళ్లు నిలబడి భుజాన పెట్టుకుని వాయిస్తే మనం కింద కూర్చుని, కుడికాలు చాపి, దాని తలని చీలమండ మీద ఆనించి వాయిస్తాం. తీగలు కూడా మన పద్ధతిలో స, ప, స, ప అని శృతి చేసుకుంటాం. ఇక తీగ వాయిద్యం పెద్దోళ్లదే అనుకునేవాళ్లు పన్నెండు మెట్ల కిన్నెర చూడాలి. వెదురు బొంగు, సొరకాయ బుర్రలు, తీగలు, అంతే. అది వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది మూడో షరతు. మా గదిలో ఆరో తరగతి పిల్లోడు ఒకడు ఉన్నాడు. పేరు రాయను, వాడికి సిగ్గు. మేము సాధన చేస్తా ఉంటే రోజూ కిటికీ కింద కూర్చుంటాడు. అన్నం ప్లేటు మీద తాళం వేస్తే ఒక్క దెబ్బ కూడా తప్పడు. నోటీసు పెట్టగానే మొదట పేరు ఇచ్చింది వాడే. ఆదివారం వాళ్ల నాయన వచ్చినాడు. ఆయన రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉంటాడు. "వాయిద్యం పాడైతే తల్లిదండ్రులు కట్టాలి" అన్న లైను పిల్లోడే చదివి వినిపించినాడు. ఆయన ఏమీ అనలేదు. "ఎంత ఉంటది సార్ అది?" అని మాత్రం అడిగినాడు. సోమవారం పొద్దున పోయి వాడు పేరు కొట్టించుకుని వచ్చినాడు.

వాయిద్యం జాగ్రత్తగా చూసుకోమనడం న్యాయమే. కానీ పాడవడం అంటే ఏమిటో తెలుసుకుని షరతు రాయాలి. తీగ తెగడం తప్పు కాదు. తీగలు అరుగుతాయి, తెగుతాయి. మనది సముద్రం గాలి. ఈ ఉప్పు గాలికి కిటికీ ఊచలే తుప్పు పడతా ఉంటే సన్న తీగ ఎంతకాలం ఆగతది? తుపాను రోజుల్లో చెమ్మకి కొయ్య ఉబ్బి బిరడాలు బిగుసుకుపోతాయి. తిప్పబోతే కదలవు, గట్టిగా తిప్పితే తీగ పుటుక్కుమంటది. ఎండాకాలం ఆరిపోయి అవే బిరడాలు జారిపోతాయి, ఎంత శృతి చేసినా నిలవదు. కమానుకి ఉండే గుర్రపు వెంట్రుకలు ఒక్కోటి ఊడుతూనే ఉంటాయి. ఇవన్నీ వాయిద్యం వాడితే అయ్యే ఖర్చులు. చాక్‌పీసు అరిగిందని టీచరు దగ్గర డబ్బులు తీసుకుంటామా?

అడగవలసింది వేరే ఉంది. సాధన కాగానే కమాను మర తిప్పి వెంట్రుకలు వదులు చెయ్యాలి. మెత్తటి గుడ్డతో తీగల మీద చెమట, రోజిన్ పొడి తుడవాలి. పెట్టెలో పెట్టి మూత వెయ్యాలి, కిటికీ పక్కన, ఎండలో పెట్టకూడదు. తడిచేత్తో, నూనెచేత్తో ముట్టకూడదు. సాయంత్రం బొరుగులు తిని అదే చేత్తో వచ్చేవాళ్లు ఉన్నారు, వాళ్లకే చెబుతున్నాను. ఎడమ చేతి గోళ్లు కత్తిరించుకోవాలి. ఇవి చెయ్యని వాళ్లని వారం రోజులు పక్కన కూర్చోపెట్టండి, నాకు అభ్యంతరం లేదు. డబ్బు మాత్రం ఎత్తవద్దు. తీగలు, బ్రిడ్జి, రోజిన్ బిళ్లలు హాస్టలు ఖర్చులో పెట్టి ఒక డబ్బాలో ఉంచితే సరిపోతది.

పరాగ్వే అనే దేశంలో కతేవురా అని ఒక ఊరు. చెత్త దిబ్బ పక్కనే ఉంటది. అక్కడ ఫావియో చావెస్ అనే మాస్టారు పిల్లలకి సంగీతం చెప్పబోతే వాయిద్యాలు చాలలేదు. చెత్త ఏరుకునే ఒక వడ్రంగి నూనె డబ్బాలు, ఫోర్కులు, కొయ్య ముక్కలతో వయొలిన్లు చేసి ఇచ్చినాడు. ఖరీదైన వాయిద్యం ఇస్తే అది ఆ పిల్లకాయలకి బరువే అయ్యేదని, ఇంటికి తీసుకుపోవడానికే భయపడేవాళ్లని వాళ్ల వాదన. మన వయొలిన్లు దాతలు ఇచ్చినవి, మంచివి. కానీ పిల్లోడు భయపడతా పట్టుకుంటే కమాను వణుకుతుంది, వణికే కమానుతో నాదం రాదు.

నాలుగోది, పది రోజుల షరతు. దీన్ని రాసినవాళ్లకి మన ఇళ్ల సంగతి తెలియదని అనను. మర్చిపోయినారేమో. మనలో ఎక్కువమంది యానాది ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం. అమ్మానాయనలు వరి కోతలకి, ఇటుక బట్టీలకి, గుంటల కాడికి పోతే ఇంట్లో చిన్నపిల్లల్ని చూసేదానికి పెద్దపిల్లని పిలిపిస్తారు. జ్వరాలొచ్చి పోయినవాళ్లు పండగ దాకా రారు. అట్లా పోయినవాళ్లు చాలావరకు ఆడపిల్లలే. వాళ్ల పేరు తీసేస్తే చివరికి బృందంలో మిగిలేది ఎవరు? నా సలహా ఇది. తిరిగి వచ్చినవాళ్లని వెనక వరసలో కూర్చోపెట్టి, వేళ్లు పెట్టకుండా వట్టి తీగ మీద షడ్జం, పంచమం మాత్రం లాగమనండి. ముందు వరస వాళ్లు వరస వాయిస్తా ఉంటే కింద అది తంబూరాలాగా నిలబడతది, వినడానికి బాగుంటది కూడా. పది రోజుల్లో వాళ్లు అందుకుంటారు. కచ్చేరీలో ఒక్కడు లేకపోతే చోటు ఖాళీ అయిపోతది, బృందంలో అయితే పక్కవాడు కాసేపు మోస్తాడు. బృందం పెట్టుకునేదే అందుకు కదా.

ఇక రోజూ అరగంట అన్నది ఉండాలి, అందులో మొహమాటం వద్దు. ఆదివారం మూడు గంటలు వాయించి మిగతా వారమంతా పెట్టె తియ్యకపోతే చెయ్యి మళ్లీ మొదటికి వస్తది. కొత్తగా చేరేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. మొదటి రెండు నెలలు పాట రాదు. తలుపు కిర్రుమన్నట్టే వస్తది. శృతి చెయ్యడానికే అరగంటలో పది నిమిషాలు పోతాయి, అప్పుడు పక్కవాడితో మాట్లాడకుండా వినాలి. ఎడమచేతి వేళ్ల చివర్లు మంట పుడతాయి, తర్వాత కాయ కాస్తాయి. వీణకి ఉన్నట్టు దీనికి మెట్లు లేవు. వేలు పెట్టే చోటుకి గుర్తు ఉండదు, చెవే గుర్తు. డార్మిటరీ అన్నలు "పిల్లి అరస్తా ఉంది" అంటారు. మమ్మల్నీ అన్నారు. ఆ అన్నలకి నా విన్నపం, రెండు నెలలు ఓర్చుకోండి.

వార్డెన్ సార్‌లకి కూడా ఒక మాట. కొత్త బ్యాచి ఆగస్టు 15కి సినిమా పాట వాయించాలని స్టాఫ్ రూములో అనుకుంటున్నారని విన్నాను. నెలలో అది కాదు సార్. మేము జూన్‌లో మొదలుపెట్టి జనవరి 26కి వాయించింది మాయామాళవగౌళలో సరళీ వరసలు, ఒక జంట వరస, మొత్తం మూడు నిమిషాలు. పన్నెండు మందీ ఒకచోట ఆగినాం, అదే మాకు గొప్ప. తొందరపెడితే వచ్చేవాళ్లని ముందు పెట్టి రానివాళ్లని ఊరకే కమాను ఆడించమంటారు. అట్లా ఉత్తుత్తిగా ఆడించిన పిల్లోడు మళ్లీ పెట్టె తియ్యడు. ఆగస్టు 15కి కొత్తవాళ్లు శృతి చేసి, అందరూ కలిసి ఒక్క షడ్జం పొడుగ్గా లాగి చూపిస్తే చాలు. ఊరివాళ్లకి అది ఏమిటో మాస్టారు రెండు ముక్కల్లో చెబుతారు.

సాధనకి చోటు కూడా కావాలి. ఇప్పుడు భోజనాల హాలు పక్కన చేస్తున్నాం, గిన్నెల చప్పుడులో చెవి పనిచెయ్యదు. 5.30 నుంచి 6 గంటల దాకా లైబ్రరీ రూము ఇప్పిస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు, స్టడీ అవర్ 6.30కి కదా.

పేర్లు ఇవ్వడానికి శనివారం దాకా గడువు ఉంది. ఈలోపు మూడో షరతు కొట్టేసి ఆ నోటీసు మళ్లీ రాసి అంటిస్తే, మా గది పిల్లోడి పేరు నేనే తీసుకుపోయి ఇస్తాను. వాళ్ల నాయనకి చదివి వినిపించేదానికి వచ్చే ఆదివారం నేనూ గేటు దగ్గర ఉంటాను.

ఇట్లు,
మొదటి బ్యాచి వయొలిన్ విద్యార్థి, 9వ తరగతి