పేటెంట్ అని షేర్ చేసే ముందు ఆ నంబర్ ఒకసారి చూడుండ్రి



"మన పసుపును అమెరికా పేటెంట్ చేసుకుంది, అందరికీ పంపండి" అనే మెసేజ్ మన గ్రూపుల్లో ఇంకా తిరుగుతనే ఉంది. ఆ పేటెంట్ 1995లో మిసిసిప్పి యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కు వచ్చింది. నంబర్ 5,401,504. మన సీఎస్‌ఐఆర్ అభ్యంతరం పెడితే 1997లో అమెరికా పేటెంట్ ఆఫీసే దాన్ని తిరస్కరించింది. అంటే మనం ఎప్పుడో చచ్చిన పాము మీద కర్ర ఎత్తుతున్నం. ఇంకో మాట. అది పసుపు పంట మీద తీసుకున్న పేటెంట్ కాదు, పసుపుతో గాయం మాన్పే పద్ధతి మీద తీసుకున్నది. అదీ అమెరికా వరకే. కేసముద్రం మార్కెట్‌కు పసుపు తోలే రైతును అది ఏ రోజూ ఆపలేదు.

ఇది చిన్న విషయం కదా అనుకోకండి. తప్పు సమాచారంతో లొల్లి చేస్తే అధికారి ఒక్క ముక్కలో "అది ఎప్పుడో పోయింది" అంటడు. ఆ తర్వాత మనం చెప్పే నిజం కూడా వినడు.

దరఖాస్తు వేరు, పేటెంట్ వేరు. మన దేశంలో దరఖాస్తు పెట్టిన 18 నెలలకు అది పేటెంట్ ఆఫీసు జర్నల్‌లో అచ్చవుతది. అచ్చయిందంటే ఎవరో పరీక్షించి ఒప్పుకున్నట్టు కాదు. అయినా కొన్ని కాలేజీల్లో "పేటెంట్ పబ్లిష్డ్" అని ఫ్లెక్సీలు కడుతున్నరు! చేతికి పేటెంట్ వచ్చినా సరే, ఆ మందు పనిచేస్తదని సర్కారు ఇచ్చిన సర్టిఫికెట్ కాదది. అమెరికా కాగితాల్లో నంబర్ చివర ఏ1 ఉంటే దరఖాస్తు, బి1 లేదా బి2 ఉంటే మంజూరైనది. మన దగ్గర ఇప్పటి దరఖాస్తు నంబర్ 12 అంకెలు. మొదటి నాలుగు సంవత్సరం, అయిదోది ఆఫీసు. అక్కడ 4 ఉంటే చెన్నై. తెలంగాణ దరఖాస్తులన్నీ అక్కడికే పోతయి.

శీర్షిక చూసి ఆగకండి. హక్కు ఎంతవరకో చెప్పేది చివర్లో ఉండే క్లెయిమ్‌లే. మొక్కలాంటి జీవ పదార్థం వాడితే అది ఎక్కడి నుంచి తెచ్చిందీ దరఖాస్తులో రాయాలని మన పేటెంట్ చట్టమే చెప్తది. రాయకపోయినా, తప్పు రాసినా అభ్యంతరం పెట్టొచ్చు.

దరఖాస్తు అచ్చయినప్పటి నుంచి పేటెంట్ మంజూరయ్యే దాకా ఎవరైనా అభ్యంతరం వేయొచ్చు. లాయరే కావాలని లేదు, కంపెనీయే కావాలని లేదు. 2024 సవరణతో దానికి ఫీజు పెట్టిన్రు, ఇది అన్యాయమని నా అభిప్రాయం. మంజూరైనంక ఏడాది లోపు వేయొచ్చు గానీ, అప్పుడు సంబంధం ఉన్నవాళ్లకే అవకాశం. అందుకే ఫార్వర్డ్ చేసే ముందు అది ఏ దశలో ఉందో చూడాలె.

పసుపు కేసు గెలిచింది పాత గ్రంథాలు, అచ్చయిన పత్రాలు చూపించి. అప్పటి అమెరికా చట్టం వేరే దేశంలో నోటి మాటగా ఉన్న జ్ఞానాన్ని లెక్కలోకి తీసుకునేది కాదు, కాగితమే అడిగేది. 2001లో మొదలైన మన సంప్రదాయ జ్ఞాన డిజిటల్ లైబ్రరీ కూడా ఆయుర్వేదం, యునానీ, సిద్ధ లాంటి గ్రంథాల నుంచే తయారైంది. మరి మా గూడెంలో అవ్వ ఏ బెరడు దంచి పసరు తీస్తదో ఏ గ్రంథంలో ఉంటది?

ఇక్కడ మన చట్టం మనకు ఒక దారి ఇచ్చింది. సెక్షన్ 25(1)(కె). స్థానిక లేదా ఆదివాసీ సమాజంలో నోటి ద్వారా అయినా సరే ముందే ఉన్న జ్ఞానమైతే దాని మీద పేటెంట్ ఇవ్వొద్దని అభ్యంతరం పెట్టొచ్చు. అయితే నోటి మాటకు కూడా సాక్ష్యం కావాలె. గ్రామసభ తీర్మానం, పెద్దల వాంగ్మూలం, జీవవైవిధ్య రిజిస్టర్‌లో నమోదు, వీటన్నిటి మీదా తేదీ ఉండాలె. దరఖాస్తు తేదీ కన్నా ముందటిది దొరికితే మంచిది. కురవి నుంచి గూడూరు, కొత్తగూడ దాకా ఉన్న చదువుకున్న పిల్లలు చేయగలిగిన పని ఇది.

అట్లని పసరు మందు పాళ్లు, వీడియో మొత్తం యూట్యూబ్‌లో పెట్టమని కాదు. అచ్చయితే పేటెంట్‌కు అడ్డం పడుతది, నిజమే. కానీ ఆ తర్వాత ఎవడైనా అడగకుండా వాడుకుంటడు, మనకు పైసా రాదు. కేరళలో కాణి ఆదివాసీలు ఆరోగ్యపచ్చ మొక్క సంగతి శాస్త్రవేత్తలకు చెప్పిన్రు. దాంతో తయారైన జీవని మందు లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం వాళ్లకని ఒప్పందం, ఆ డబ్బు కోసం 1997లో ట్రస్టు. లోపాలు లేవని కాదు, కానీ అడిగే హక్కు ఉందని తేలింది. ఏది బయట పెట్టాలె, ఏది గూడెంలోనే ఉంచాలె అనేది గ్రామసభ తేల్చాలె, మన ఫోన్లు కాదు.

ఇకనుంచి పేటెంట్ వార్త ఏదైనా మన గ్రూపులో పెడితే నంబర్, దేశం, తేదీ, దరఖాస్తా మంజూరా, మొదటి క్లెయిమ్ ఏంటి, ఇవి రాసి పెట్టుండ్రి. పేటెంట్ ఆఫీసు సైట్‌లో నంబర్ కొడితే స్థితి ఉచితంగా కనిపిస్తది. ప్రతి శుక్రవారం జర్నల్ వస్తది. మండలానికి ఇద్దరు ముందుకొస్తే మన మొక్కల పేర్లు పెట్టి వెతుకుడు మొదలు పెడదాం. ఇప్ప, నేలవేము, తిప్పతీగ, మద్ది శాస్త్రీయ నామాల జాబితాతో మొదలు పెడితే చాలు, కామెంట్‌లో మీ మండలం పేరు రాయండి.