నొప్పి లెక్క తేలింది, ఆయుష్షు లెక్క తేలలేదు

ముదిరిన కాలేయ క్యాన్సర్‌కు ఒక్కసారి రేడియేషన్ ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని రాసినవారు కెనడా పరీక్షను సగమే చదివారు. టొరంటో వైద్యురాలు లారా డాసన్ బృందం 2023లో వెల్లడించి, 2024లో లాన్సెట్ ఆంకాలజీలో ప్రచురించిన ఆ పరీక్ష ప్రధానంగా కొలిచింది నొప్పిని.

పాల్గొన్నది 66 మంది. ఎక్కువమందిది మరోచోట పుట్టి కాలేయానికి పాకిన జబ్బు. అందరికీ ఉపశమన వైద్యం అందింది; సగం మందికి అదనంగా కాలేయంపై ఒకేసారి 8 గ్రేల రేడియేషన్ మోతాదు ఇచ్చారు. మూడు నెలలకు రేడియేషన్ అందినవారిలో 51 శాతం, అందనివారిలో 33 శాతం బతికున్నారు. పత్రికలు పట్టుకున్నది ఈ అంకెలనే. చికిత్సతో ఏ ప్రయోజనమూ లేకున్నా ఇంత తేడా కనిపించే అవకాశం నూటికి ఏడు. పరిశోధకులు ఒప్పుకునే హద్దు అయిదు. అంటే ఆయుష్షు పెరిగిందని రుజువు కాలేదు. ఆ ప్రశ్న వేసిన పరీక్ష వేరే ఉంది: సోరాఫెనిబ్ అనే క్యాన్సర్ మాత్రలకు అయిదు విడతల సూటి రేడియేషన్ జోడిస్తే 12.3 నెలల మధ్యగత ఆయుష్షు 15.8 అయింది. ఆ రోగులు వేరు, ఆ మోతాదు వేరు.

నొప్పి సంగతి చూడండి. నెల తర్వాత వివరాలు ఇవ్వగలిగిన 42 మందిలో, నొప్పి చెప్పుకోదగ్గంతగా తగ్గింది రేడియేషన్ వైపు 67 శాతానికి, రెండోవైపు 22 శాతానికి. ఎవరికి ఏ చికిత్స అందిందో రోగులకు తెలుసు, నిజమే. అంత తేడాను ఆ ఒక్క కారణంతో కొట్టిపారేయలేం.

మా రేడియేషన్ వైద్యరంగానికి కాలేయమంటే పాత భయం. 1965లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు, కాలేయమంతటికీ విడతలుగా పెద్ద మోతాదులు ఇచ్చిన రోగుల్లో పొట్ట ఉబ్బి, నీరు చేరి, కొందరు చనిపోవడాన్ని నమోదు చేశారు. సన్నని సిరలు పూడిపోవడమే కారణమని తర్వాత తేలింది. అప్పటినుంచి కాలేయం జోలికి వెళ్లొద్దన్నది మాకు తొలి పాఠమైంది. ఆనాటి ప్రమాదం ముప్పై అయిదు గ్రేల దగ్గరిది; ఈనాటి మాట ఎనిమిది. ఎముకల నొప్పికి ఏళ్లుగా ఇస్తున్న మోతాదే ఇది. అయినా కుడి డొక్కలో నొప్పితో మెలికలు తిరిగే రోగిని మా దగ్గరికి పంపేవారు అరుదు.

ఈ చికిత్సకు ఖరీదైన ప్రత్యేక యంత్రాలు అక్కర్లేదు, వారాల తరబడి తిరగక్కర్లేదు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చే మనిషికి ఒకే విడతలో చికిత్స ముగియడం ఎంత మేలో వేరే చెప్పాలా? ఆయుష్షు లెక్క తేలాకే చూద్దామనడం ఈ రోగుల విషయంలో అన్యాయం. అది తేలేదాకా వాళ్లు ఉండరు. మార్ఫిన్ చీటీతోపాటు రేడియేషన్ విభాగానికీ ఒక చీటీ ఈరోజే రాయవచ్చు.