నిలదీస్తే రభసేనా?

2025 జనవరి 21 నుంచి 24 వరకు తెలంగాణలో ఊరూరా గ్రామసభలు జరిగాయి. రైతు భరోసా, ఇందిరమ్మ ఇళ్లు, రేషన్ కార్డుల జాబితాలు చదువుతుంటే చాలాచోట్ల జనం లేచి అధికారులను నిలదీశారు. దాన్ని రభస అన్నవాళ్లున్నారు. మేమలా అనుకోం. రచ్చబండ దగ్గర తిట్టిపోసుకునే కోపం సభకొచ్చి ‘నా పేరెందుకు లేదు?’ అని అడిగిందంటే, రాజకీయ చర్చ అక్కడే మొదలైనట్టు. కుర్చీలు విసరడం వేరు సంగతి, దాన్నెవరూ సమర్థించరు.

అసలు లోపం వేదికమీద ఉంది. సర్పంచుల పదవీకాలం అంతకు దాదాపు ఏడాది ముందే ముగిసింది. అప్పటికి ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతుల్లో ఉన్నాయి. ఏ లెక్కన పేర్లు ఎంపికయ్యాయో చెప్పాల్సిన బాధ్యత ఎవరిదో తేలలేదు. ‘మళ్లీ దరఖాస్తు పెట్టుకోండి’ అంటే కడుపుమంట చల్లారుతుందా?

2025 డిసెంబరు ఎన్నికలతో సర్పంచులు తిరిగొచ్చారు. రాజ్యాంగం 243-ఎ అధికరణంలో చోటున్న సభను సంతకాల తంతుగా నడపడం ఇక కుదరదు. జాబితాలు వారం ముందే పంచాయతీ గోడకెక్కాలి. అడిగిన ప్రతి ప్రశ్నా తీర్మానాల పుస్తకంలో రాయాలి. తర్వాతి సభలో ముందు వాటికి జవాబులు చదివి, ఆ తర్వాతే కొత్త అజెండా తెరవాలి.