కూలిన చెట్టుకు లెక్క ఎన్నేళ్లు?

పత్తి చేను మునిగితే ఒక పంట పోతుంది. కొబ్బరి తోట కూలితే ఏళ్ల తరబడి వచ్చే రాబడే పోతుంది. ఈ తేడా పరిహారం లెక్కల్లో కనబడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరం చూసి వచ్చినంక మేం చెప్పదలచుకున్న మాట ఇదే.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. పేరుకు సీతాకోకచిలుక, గాలి మాత్రం గంటకు 140 కిలోమీటర్ల పైమాటే. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరి, జీడి, పనస చెట్లు నేలకూలాయి. 2021లో మేం చూసేసరికి మూడేళ్లు కావస్తోంది. కరెంటు స్తంభాలు లేచాయి, తోటలు లేవలేదు. మొండేల నడుమ పెట్టిన కొత్త మొక్కలు అప్పటికి ఇంకా మనిషెత్తు కాలేదు. నాటు కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. అప్పటిదాకా ఆ ఇల్లు ఎట్లా గడవాలి? వయసు పిల్లలు వలసపోయారు.

చెట్టుకింత అని పరిహారం ఇచ్చారు. అదీ కాగితంలో పేరున్నవాళ్లకే అందిందని కౌలుదార్లు, కొండవాలులో జీడి పెంచుకునే సవర రైతులు మాతో చెప్పారు.

సముద్రం మనకు చాలా దూరమే. కానీ 2021 జులై వానలకు నిర్మల్ పట్టణంలోకే వరద వచ్చింది. వాగొడ్డు చేలో ఇసుక మేటేస్తే అది కూడా కూలిన కొబ్బరిచెట్టు లాంటిదే, ఒక్క ఏడాదితో తేరుకోదు. 2020 వానాకాలంలో మన రాష్ట్రం ఫసల్ బీమా నుంచి తప్పుకుంది, 2021 నాటికి దాని బదులు మరొకటి రాలేదు. 2011 చట్టం ప్రకారం కౌలు రైతుకు ఇవ్వాల్సిన కార్డు చేతికి రాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా అందని పోడు రైతు పంటను నష్టం జాబితాలో రాసేవారు లేరు.

అందుకే అడుగుతున్నాం. చెట్టు పోతే మళ్లీ కాపుకొచ్చేదాకా, మేటేసిన భూమికి మళ్లీ సాగయ్యేదాకా ఏటా పరిహారం ఇవ్వాలి. అది దున్నేవాని చేతికే అందాలి. పంటల బీమా మళ్లీ పెట్టాలి.

అడిగి ఊరుకుంటే కాదు. వరద తీసిన మర్నాడే ప్రతి గూడెంలో, ప్రతి ఊరిలో మన సంఘం కమిటీ చేలు తిరగాలి. ఎవరు దున్నుతున్నారు, ఎంత పోయింది, ఎన్నేళ్లు పడుతుంది, మూడూ రాసి గ్రామసభలో చదివి, తహసీల్దారుకు ఇచ్చి రసీదు తీసుకోవాలి. సర్వే వాళ్లు వచ్చేసరికి మన జాబితా తయారుగా ఉంటే, దున్నేవాని పేరు తప్పించుడు అంత సులువు కాదు.