డెల్టా రొయ్య డెల్టా కంచంలోకి వచ్చేదెప్పుడు?

అమెరికా సుంకం నేర్పిన పాఠం - దొంగ మాంసాలకు వెంపర్లాట, ఇంటి రొయ్యకు చిన్నచూపు

(గ్రామీణ విలేకరి)

భీమవరం: పుస్తెలమ్మయినా పులస తినాలని సామెత చెప్పుకునే సీమ మనది. ఏటా గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే చాలు, ఒక్క పులస కోసం వేలు పోయడానికి వెనుకాడం. కానీ మన చెరువుల్లో, మన కరెంటుతో, మన అప్పులతో పెరిగే రొయ్యను మాత్రం మనం పరాయిదానిగానే చూస్తున్నాం. అది ఐసు పెట్టెలో పడి ఓడ ఎక్కవలసిన సరుకే తప్ప ఇంట్లో ఇగురు పెట్టుకోవలసిన తిండి అన్న ఆలోచన మనకు లేకపోయింది. ఈ ఉదాసీనత ఎంత ప్రమాదమో 2025లో డెల్టా రైతాంగానికి బాగా తెలిసివచ్చింది.

ఆ ఏడాది ఆగస్టులో అమెరికా ప్రభుత్వం మన దేశపు సరుకుల మీద ముందు 25 శాతం, ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం అదనపు సుంకం వేసింది. అంతకు ముందే ఉన్న ఇతర సుంకాలు దీనికి అదనం. వార్త వచ్చిన రోజుల్లోనే ఉండి, ఆకివీడు, గణపవరం, మొగల్తూరు ప్రాంతాల్లో చెరువు గట్ల మీద రేట్లు పడిపోయాయి. పెద్ద కౌంటు రొయ్యే ఎక్కువగా అమెరికా వెళుతుంది గనుక దెబ్బ దానికే ఎక్కువ తగిలింది. ఇంకో నెల మేపితే మంచి ధర వస్తుందని ఆశపడిన రైతు, మేత ఖర్చుకు భయపడి ముందుగానే పట్టుబడి చేసుకోవలసి వచ్చింది.

ఒక్క బేరగాడి మీద ఆధారం

2024-25లో మన దేశం నుంచి సుమారు 7 లక్షల 41 వేల టన్నుల గడ్డకట్టించిన రొయ్య ఎగుమతి అయింది. విలువ 43 వేల కోట్ల రూపాయల పైచిలుకు. అందులో 3 లక్షల 11 వేల టన్నులకు పైగా ఒక్క అమెరికాయే కొన్నది. అంటే ఆ ఏడాది పది బుట్టల్లో నాలుగు బుట్టలు ఒకే గుమ్మానికి చేరాయి. ఆ గుమ్మం తలుపు కాస్త మూసుకుంటే మన గుమ్మంలో దీపం మసకబారుతోంది. సంతకు ఒక్క బేరగాడే వస్తే రేటు ఎవరు చెబుతారో కూరగాయలమ్మే ముసలమ్మకు కూడా తెలుసు.

సుంకం రేపు తగ్గవచ్చు, ఎల్లుండి మళ్ళీ పెరగవచ్చు. అది మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది మన కంచం. దీని లెక్క కూడా ఉన్నదున్నట్లు చూడాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన రాష్ట్రం, తెలంగాణ కలిపి సుమారు ఎనిమిదిన్నర కోట్ల మంది. మనిషికి ఏడాదికి ఒక్క కిలో పచ్చిరొయ్య అదనంగా తింటే 85 వేల టన్నులు. తల, డొప్ప తీసిన బరువుకు మార్చుకుంటే అది అమెరికా కొనే దానిలో ఆరేడు వంతుల్లో ఒక వంతు. అమెరికాకు బదులు మనమే తినేస్తామన్న మాట వట్టిది. అయితే ఆ ఒక్క వంతు గిరాకీ ఊళ్ళలో ఉంటే, ఏజెంటు చెప్పిన రేటుకు తల ఊపడం తప్ప దారిలేని రైతుకు కాలు నిలదొక్కుకునే చోటు దొరుకుతుంది.

రుచి లేదన్న నింద

చెరువు రొయ్యలో రుచి ఉండదండీ అన్నది డెల్టాలో తరచుగా వినిపించే మాట. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. పాతతరం వారి నాలుకకు తెలిసినది నీలకంఠ రొయ్య. కాలవల్లో, గోదావరి పాయల్లో దొరికే ఆ రొయ్య తలలోని కొవ్వు ఇగురులో కరిగితే కూరంతా నారింజ రంగు తిరిగేది. ఆ రొయ్య పెరిగేది మంచినీటిలో అయినా, పిల్ల బతకాలంటే ఉప్పు కలిసిన నీరు కావాలి. అందుకోసం తల్లి రొయ్య ఏటిమొగల వైపు దిగిపోతుంది. దారికి అడ్డంగా ఆనకట్టలు, లాకులు కట్టుకున్నాం. పురుగుమందుల నీరు కాలవల్లోకి వదిలాం. ఇక ఆ రొయ్య అరుదు కాక ఏమవుతుంది?

తరువాత టైగర్ రొయ్య వచ్చింది. 1990ల తొలి ఏళ్ళలో కోటీశ్వరులను చేసింది. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి అదే చేత్తో అప్పులపాలు చేసింది. 2009లో ప్రభుత్వం వెన్నామీకి అనుమతి ఇచ్చింది. ఇది పసిఫిక్ సముద్రానికి ఆవలి ఒడ్డున, లాటిన్ అమెరికా తీరాన పుట్టిన రకం. ఇప్పుడు మన చెరువుల్లో ఎక్కువగా ఉన్నది ఇదే.

రుచి రకాన్ని బట్టే కాదు, నీటిని బట్టి కూడా మారుతుంది. ఉప్పు ఎక్కువగా ఉన్న నీటిలో రొయ్య తన ఒంటిని కాపాడుకోవడానికి కండలో కొన్ని అమైనో ఆమ్లాలను నిలవ చేసుకుంటుంది. నాలుకకు తీపిగా తగిలేది అవే. అందుకే అంతర్వేది, కాట్రేనికోన వైపు ఉప్పునీటి చెరువుల రొయ్యకు తియ్యదనం ఎక్కువ. లోపలి మండలాల్లో చప్పనీటి చెరువుల రొయ్యకు తక్కువ. చప్పనీటి రొయ్యను వేపుడు చేసి రుచి లేదనడం కంటే, దానికి తగిన జోడీ వెతకడం మేలు. చింతచిగురు, గోంగూర, మామిడికాయ, దోసకాయ, ములక్కాడ - పులుపో, కూరగాయ సారమో తోడైతే ఆ లోటు తెలియదు.

ఇల్లాలికి తెలియవలసినవి

రొయ్య కొనేటప్పుడు తల గట్టిగా అంటిపెట్టుకుని ఉండాలి. తల నల్లబడి, మెడ దగ్గర వదులై, డొప్ప జారిపోతుంటే ఐసు అందక ఆలస్యమైన సరుకని గ్రహించాలి. రొయ్యకు జీర్ణరసాలన్నీ తలలోనే ఉంటాయి. చచ్చిన తరువాత అవి కండను లోపలినుంచే మెత్తబరుస్తాయి. వెంటనే వండకపోతే తల తీసి ఐసులో పెట్టమనడానికి కారణం ఇదే. వీపు మీద నల్లని నరం అని మనం అనేది నరం కాదు, పేగు. దాన్ని తీసేయాలి.

కిలో రొయ్య తెస్తే తల, డొప్ప పోను మిగిలేది సగానికి కాస్త అటూ ఇటూ. దీన్ని చూసి నష్టమనుకోనక్కరలేదు. ఆ తలలను, డొప్పలను బాగా కడిగి పావుగంట మరిగించి వడకడితే వచ్చే నీళ్ళు ఇగురుకు పోస్తే మసాలా సగం తగ్గించుకోవచ్చు.

ఉప్పు, పసుపు పట్టించి మూకుట్లో వేస్తే రొయ్య ముందు నీళ్ళు వదులుతుంది. ఆ నీళ్ళు ఇగిరి, రొయ్య ముడుచుకుని ఎర్రబడితే ఉడికినట్లే. ఆపైన ఎక్కువసేపు మంట మీద ఉంచితే రబ్బరు ముక్కే మిగులుతుంది. కనుక ఉల్లి, అల్లం వెల్లుల్లి, కారం ముందే వేగనిచ్చి రొయ్యను చివరలో కలపాలి. నూరు గ్రాముల రొయ్యలో 20 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. తిన్నాక దద్దుర్లు, దురద, ఆయాసం వచ్చేవారు మాత్రం మళ్ళీ దాని జోలికి పోరాదు. అలాంటి వారికి పీత కూడా పడకపోవచ్చు.

పీత, నత్త, గుల్ల

కోరంగి మడ అడవుల మండ పీతది వేరే కథ. దానికి ధర ఉంది గనుక మనకు దొరకడం లేదు. మంచి పీతలన్నీ కాళ్ళు కట్టించుకుని ప్రాణంతోనే చెన్నై మీదుగా సింగపూర్, చైనా వెళుతున్నాయి. డొప్ప మార్చుకున్న కొత్తలో పీత నిండా నీళ్ళే ఉంటాయి. పొట్ట కింది పలకను బొటనవేలితో నొక్కితే అణగని పీత కండగలది. చచ్చిన పీతను చవకగా ఇచ్చినా తీసుకోకూడదు. అది గంటల్లో పాడవుతుంది. ఆడ పీత గుడ్లు పెట్టడానికి మడల నుంచి సముద్రంలోకి పోతుంది. పొట్ట కింద బయటకు గుడ్ల గుత్తి వేసుకున్న పీత వలలో పడితే వదిలేయడం, వచ్చే ఏటి పులుసుకు విత్తనం దాచుకోవడం లాంటిది.

నత్తలను పేదల కూరగా తీసిపారేస్తాం గాని, ఉడకబెట్టి, మూత ఊడదీసి, పేగు తీసేసి చింతపండు పులుసులో వండే తీరు తెలిసిన ఇళ్ళు డెల్టాలో ఇప్పటికీ ఉన్నాయి. మొలలకు మంచిదన్న నమ్మకంతో తినేవారూ ఉన్నారు. నత్తలో, కాలవ పీతలో మనిషికి చేటు చేసే సన్నని పురుగులు ఉండే వీలుంది. కనుక సగం ఉడికినవి తినరాదు. మందు కొట్టిన చేలోవి అసలే పనికిరావు.

కాకినాడ అఖాతంలో గుల్లలను తరతరాలుగా కాల్చి సున్నం చేశాం. లోపలి కండను తిండిగా చూసినది తక్కువ. కేరళలో అష్టముడి కాయల్ గుల్లల చేపలవేటకు 2014లో అంతర్జాతీయ గుర్తింపు పత్రం వచ్చింది, అదీ మన దేశంలో మొదటిసారి. అక్కడివారు పిల్లగుల్లను వదిలేసి, గుడ్ల కాలంలో వేట ఆపి ఆ పేరు తెచ్చుకున్నారు. మన అఖాతంలోనూ ఆ అవకాశం ఉందా అంటే ముందు నీటిని పరీక్షించాలి. గుల్ల నీటిని వడబోసి బతికే జీవి. ఓడరేవు, ఫ్యాక్టరీల మురికి ఉంటే అది కూడా దాని కండలోనే చేరుతుంది.

దొంగ మాంసాల మోజు

ఇంటి ముందు రొయ్యకు గిరాకీ లేకపోగా, చట్టం వద్దన్న మాంసాలకు మాత్రం చాటుమాటుగా గిరాకీ ఉంది. కొల్లేరు పరజ పిట్టలు, నీటికోళ్ళు, చెరువు తాబేళ్ళు, ఉడుములు - ఇవన్నీ 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వచ్చేవే. 2022లో చేసిన సవరణతో జరిమానాలు పెరిగాయి. మొదటి షెడ్యూలులో ఉన్న ఉడుమునో తాబేలునో చంపితే మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ వరకు జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. ఒక పూట కూరకు ఇది ఎంత ఖరీదో ఎవరికి వారు లెక్క వేసుకోవాలి.

పోనీ రుచి అంత గొప్పదా అంటే, చేపలు తిని బతికే కొంగజాతి కొవ్వుకు నీచు వాసన ఉంటుంది. ఆ వాసన చంపడానికి వేసే మసాలా రుచినే జనం మాంసం రుచి అనుకుంటున్నారు. ఎరలో గుళికల మందు కలిపి పట్టిన పిట్టయితే ఆ విషం వండినా పోదు. చేలల్లో బుట్టలు పెట్టి ఎలుకలను పట్టే యానాదులకు ఈ సంగతి బాగా తెలుసు. బుట్టలో పడిన ఎలుకనే తింటారు గాని మందు తిని చచ్చిన దాన్ని ముట్టరు. చదువుకున్నామనుకునే మనకు ఆ జాగ్రత్త లేకపోవడం విచిత్రం.

గాడిద మాంసం సంగతీ ఇంతే. నడుము నొప్పి, ఉబ్బసం పోతాయని, మగతనం పెరుగుతుందని నమ్మి ఉభయ గోదావరి, కృష్ణా, గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో కొన్నవారున్నారు. ఇందుకు వైద్యపరమైన ఆధారం లేదు. ఆహార భద్రత నిబంధనల్లో గాడిద తినే జంతువుల జాబితాలోనే లేదు. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద గాడిదలు 1 లక్షా 20 వేలకు పడిపోయాయి. ఏడేళ్ళలో 61 శాతం తగ్గాయి. చాకలి రేవుకు, ఇటుక బట్టీకి బరువులు మోసిన జీవం కనుమరుగవుతున్నది.

నమ్మకం కలిగించాలి

తినేవారిని మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. ఎగుమతికి పోయే రొయ్యను నిషిద్ధ యాంటీబయాటిక్ అవశేషాలున్నాయా అని పట్టుబడికి ముందే పరీక్షిస్తారు. విదేశం వాడికి ఉన్న ఈ భరోసా ఊరి సంతలో కొనేవాడికి లేదు. కంపెనీ వద్దన్న సరుకే మన బజారుకు వస్తోందేమోనన్న అనుమానం ఇల్లాళ్ళలో ఉంది. అది తీరనిదే రొయ్య కంచంలోకి రాదు. భీమవరంలో పరీక్షా కేంద్రం ఉండనే ఉంది. అక్కడ తేలిన ఫలితాన్ని స్థానిక విక్రయానికి కూడా తప్పనిసరి చేసి, చెరువు పేరుతో సహా దుకాణంలో అంటించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

మండలానికొక చేపల బజారు, దానికి ఐసు, నీడ, నీళ్ళు కావాలి. రైతులు సంఘంగా ఏర్పడి తల తీసి శుభ్రం చేసిన రొయ్యను అర్ధకిలో పొట్లాలుగా రాజమండ్రి, విజయవాడ, హైదరాబాదులకు పంపుకోగలగాలి. పెద్ద కౌంటుకు ఓడ ఉంది, నూరు కౌంటు రొయ్య ఇగురుకు దివ్యంగా ఉంటుంది. ఆ చిన్న రొయ్య మీదే ఊరి బజారును మొదలు పెట్టవచ్చు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న మాటను ఇన్నాళ్ళూ రొయ్య విషయంలో నిజం చేశాం. కొల్లేటి పిట్టను దానంతట దాన్ని ఎగరనిచ్చి, గట్టు మీది రొయ్యను ఇంటికి తెచ్చుకుంటే చట్టానికీ, ఒంటికీ, రైతుకూ మేలు. వారానికొక పూట రొయ్య ఇగురు వండుకోవడానికి మాత్రం ఏ దేశాధ్యక్షుడి అనుమతీ అక్కరలేదు.