ఉరితాడు కంటే ముందు మందుబిళ్ల

పగిడ్యాల మండలం ముచ్చుమర్రి పేరు రాష్ట్రమంతా విన్నది 2024 జులైలో. చిన్నపాపని చెరిచి, చంపి, నీళ్లపాలు చేశారన్న కేసులో ముగ్గురు మైనర్లు పట్టుబడ్డారు. రోజుల తరబడి వెతికినా శవం దొరకలేదు. కెమెరాలొచ్చాయి, నాయకులొచ్చారు, ఉరి తీయాలన్న కేకలు వినపడ్డాయి.

చచ్చిపోయిన బిడ్డ కోసం అరవడం మనకొచ్చు. ప్రాణంతో బయటపడిన బిడ్డ సంగతేంది? ఆమెకి ఆ రాత్రే డాక్టరు కావాలి. హెచ్ఐవీ సోకకుండా వేసే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా మాత్ర ఎంత తొందరగా పడితే అంత మేలు. గాయాలకి కట్టు, భయానికి ఓదార్పు. ఇవన్నీ గడియారంతో పోటీ.

2019 డిసెంబరులో దిశ బిల్లు తెచ్చి 21 రోజుల్లో తీర్పన్నారు. రాష్ట్రపతి ఆమోదం రాక అది అమల్లోకే రాలేదు. అమల్లో ఉన్న చట్టం గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు. సర్కారుదైనా ప్రైవేటుదైనా ప్రతి ఆసుపత్రీ బాధితురాలికి వెంటనే, ఉచితంగా వైద్యం చేయాలని 2013 నుంచీ ఉంది. ఇప్పుడది బీఎన్ఎస్ఎస్ 397వ సెక్షన్. చేయకపోతే బాధ్యులకి ఏడాది దాకా జైలు, బీఎన్ఎస్ 200. పిల్లల విషయంలో పోలీసుల లెటరో, కోర్టు ఆర్డరో తెమ్మని అడగనే కూడదని 2020 పోక్సో రూల్స్ చెప్తున్నాయి. పరీక్షకి ఒప్పుకోకపోయినా వైద్యం ఆపకూడదని 2014 కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చెప్తున్నాయి.

ఇది దళితవాడ సమస్య ఎందుకంటే, "ముందు స్టేషన్‌కి పోయి కాయితం తీసుకురాపో" అన్న ఒక్క మాటతో ఆసుపత్రి తాళంచెవి స్టేషన్ చేతికి పోతుంది. స్టేషన్ తాళంచెవి ఎవరి చేతిలో ఉంటుందో సీమలో పుట్టినోళ్లకి చెప్పాలా? అక్కడ పెద్దమనుషులు రాజీ పంచాయితీ పెడతారు. ఆ పంచాయితీ తెగేలోపు 72 గంటలు దాటిపోతాయి.

వైద్యం ఆలస్యమైతే న్యాయమూ పోతుంది. 2020లో హాథ్రస్ దళిత బిడ్డ నమూనాలు దాడి జరిగిన 11 రోజులకి తీశారు. వాటిలో వీర్యం ఆనవాళ్లు లేవు కాబట్టి అత్యాచారమే జరగలేదని పోలీసు అధికారి ప్రకటించాడు. అట్రాసిటీ రూల్స్ ప్రకారం 2016లో 5 లక్షలుగా పెట్టిన పరిహారంలో సగం చేతికి రావాలన్నా వైద్య పరీక్ష, నిర్ధారణ రిపోర్టు ఉండాలి. అంటే డాక్టరు చేసిన ఆలస్యానికి మూల్యం కూలిబిడ్డ చెల్లిస్తుంది: ఒంటితో, కేసుతో, పరిహారంతో.

ముచ్చుమర్రి నుంచి నందికొట్కూరు, అక్కడి నుంచి నంద్యాలో కర్నూలు పెద్దాసుపత్రో అని తిప్పడం వైద్యం కాదు. మొదట చేరిన ఆసుపత్రిలోనే మొదటి మాత్ర పడాలి.

విద్యార్థి మిత్రులారా, ఈ వారం మీ మండలం ఆసుపత్రికి పోండి. మూడు ప్రశ్నలు అడగండి. 397వ సెక్షన్ గోడ మీద రాశారా? హెచ్ఐవీ మందు, గర్భనిరోధక మాత్ర ఇప్పుడు స్టాకులో ఉన్నాయా? రాత్రి డ్యూటీలో ఉండే డాక్టరుకి, నర్సుకి ఏం చేయాలో నేర్పించారా? జవాబు చెప్పకపోతే ఆర్టీఐ వేయండి. వచ్చిన జవాబు పట్టుకుని కలెక్టరేట్ ముందు కూర్చుందాం.

కొవ్వొత్తి వెలిగించే అవసరం రాకముందే కూర్చుందాం.

జై భీమ్.